మెడ నుంచి బొటనవేలి దాకా గుంజుతోంది: ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమేనా?

హన్మకొండ టైలర్:
అందరికీ నమస్తే. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, వయసు 41. రెండు నెలలుగా మెడ కుడివైపు మొదలైన నొప్పి భుజం, మోచేయి మీదుగా బొటనవేలు, చూపుడువేలు దాకా గుంజుతోంది. రాత్రి సలుపు ఎక్కువ. చెయ్యి తలమీద పెట్టుకుంటే కాస్త నయం. కత్తెర పడితే ఆ రెండు వేళ్లూ తిమ్మిరెక్కుతాయి. డాక్టర్ ఎమ్మారై తీయించి, మెడలో ఐదో, ఆరో ఎముకల (సి5-సి6) మధ్య మెత్తగా ఉండే డిస్క్ ఉబ్బి నరాన్ని నొక్కుతోందన్నారు. మందులు రాసి ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ రోజూ వేడి కాపడం, కరెంటు, అంతే. మెడ ముట్టుకుని చూసినవాళ్లు లేరు. గంటసేపు హాయిగా ఉంటుంది, మళ్లీ మామూలే. మెడను లాగిపట్టే ట్రాక్షన్ పెట్టించుకోనా? ఆపరేషన్ దాకా పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. బతుకమ్మ గిరాకీ ముందుంది, పని బంద్ పెట్టలేను.

కరీంనగర్ ఫిజియో:
చెల్లె, ముందు ఆపరేషన్ భయం పక్కన పెట్టు. ఇలాంటి నరం నొప్పి చాలామందికి కొన్ని వారాల నుంచి మూడు నాలుగు నెలల్లో కోత లేకుండానే తగ్గుతుంది. ఉబ్బిన డిస్క్ చాలాసార్లు దానంతటదే కుంచించుకుపోతుంది. నొప్పే లేనివాళ్ల ఎమ్మారైలో కూడా ఉబ్బిన డిస్కులు కనిపిస్తాయి, కాబట్టి ఆ రిపోర్టు రోజూ తీసి చూసుకోకు.

నువ్వు చెప్పిన బొటనవేలు, చూపుడువేలు ఆరో మెడ నరం దారి. మధ్యవేలైతే ఏడోది, చిటికెనవేలైతే ఎనిమిదోది. చెయ్యి తలమీద పెడితే నయమవడం కూడా నరం మెడ దగ్గరే నొక్కుకుందనడానికి గుర్తు. అయినా కత్తెర పట్టే చెయ్యి కదా, మణికట్టు దగ్గర నరం నొక్కుకున్నా ఆ వేళ్లే తిమ్మిరెక్కుతాయి. అది కూడా పరీక్ష చేయించుకో. మెడ ఎంత తిరుగుతోంది, తల పక్కకు వంచి మెల్లగా నొక్కితే నొప్పి చేతిలోకి దిగుతోందా, రెండు చేతుల బలం సమానంగా ఉందా అని చూడకుండా వైద్యం మొదలుపెట్టకూడదు. ఇది గట్టిగానే చెబుతున్నాను.

కరెంటు, కాపడం నొప్పిని కాసేపు తగ్గిస్తాయి. ఆ కాసేపట్లో వ్యాయామం చేయించాలి, వాటి ఉపయోగం అదే. వెల్లకిలా పడుకుని, తల ఎత్తకుండా, అవునన్నట్టు గడ్డాన్ని మెల్లగా గొంతు వైపు దించి పది సెకన్లు ఆపాలి. మెడ ముందు లోపలి కండరాలు దీనితో బలపడతాయి. రెక్కల ఎముకలను వెనక్కి దగ్గరకు లాగే వ్యాయామం దీనికి తోడు. నరానికి వేరే వ్యాయామం ఉంది: చెయ్యి పక్కకు చాపి మోచేయి నిటారు చేస్తూ తలను అదే చెయ్యి వైపు వంచాలి, మోచేయి ముడుస్తూ తలను అవతలి వైపు వంచాలి. బావిలో చేదతాడు జారినట్టు నరం అటూ ఇటూ జారాలి, సాగదీసి పట్టి ఉంచకూడదు. తిమ్మిరి పెరిగితే అక్కడే ఆపెయ్. మొదటిసారి ఎవరైనా ఎదురుగా ఉండి చేయించాలి.

ట్రాక్షన్ కొందరికి బాగా పనిచేస్తుంది, అందరికీ కాదు. ముందు థెరపిస్ట్ చేతులతో తలను మెల్లగా లాగి చూడాలి. చేతి నొప్పి తగ్గితే మిషన్ ట్రాక్షన్ తక్కువ బరువుతో మొదలుపెట్టవచ్చు. అది కూడా వ్యాయామాలతో కలిపితేనే లాభం. సెలూన్లో మెడ విరిపించుకోవడం మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

సిరిసిల్ల సాంచాలు:
అక్కా, నాకూ ఇట్లాగే మధ్యవేలి దాకా వచ్చింది. సాంచాల (మరమగ్గాల) దగ్గర పొద్దంతా తల వంచి నిలబడే పని. మెడకు పట్టీలాంటి కాలర్ పెట్టుకున్నంతసేపు బాగుండేది, కానీ డాక్టర్ కొద్దిరోజులే వాడమన్నాడు. చెయ్యి నొప్పి తగ్గుతూ మెడ నొప్పి ఎక్కువైనప్పుడు ముదిరిందని భయపడ్డాను. నొప్పి చేతి నుంచి పైకి జరగడం మంచిదేనని మా థెరపిస్ట్ చెప్పాడు. తర్వాత మెడ కూడా నిమ్మళమైంది.

కరీంనగర్ ఫిజియో:
అన్న చెప్పింది నిజం. రోజూ నొప్పి ఎంత ఉందని కాదు, ఎక్కడి దాకా పోతోందో చూసుకో. వేళ్ల నుంచి మోచేతికి, మోచేతి నుంచి భుజానికి వస్తే దారిలో పడ్డట్టే.

హన్మకొండ టైలర్:
చాలా థాంక్స్ అక్కా. చేతులతో లాగి చూడమని రేపు అడుగుతాను. కుట్టుమిషన్ దగ్గర ఎట్లా కూర్చోవాలి? డాక్టర్ దగ్గరికి మళ్లీ ఎప్పుడు పోవాలి?

కరీంనగర్ ఫిజియో:
మిషన్ కుట్టు కంటే చేతికుట్టు మెడను ఎక్కువ వంచుతుంది. హుక్కులు, హెమ్మింగ్ ఈ సీజన్‌కు ఇంకెవరికైనా ఇవ్వు. తప్పకపోతే ఒళ్లో దిండు పెట్టుకుని దానిమీద బట్ట పెట్టు, పని కంటికి దగ్గరవుతుంది. నేలమీద వంగి కటింగ్ చేస్తుంటే నడుమెత్తు బల్లకు మార్చు. ఒక్కో జాకెట్టు కాగానే లేచి నాలుగడుగులు వెయ్యి. రాత్రి కుడిచెయ్యి కింద దిండు పెట్టుకో.

కత్తెర జారుతున్నా, మణికట్టు వెనక్కి వంచే బలం తగ్గుతున్నా ఆగకుండా డాక్టర్‌కు చూపించు. నడుస్తుంటే తూలడం, రెండు చేతులూ మొద్దుబారడం, గుండీలు పెట్టుకోలేకపోవడం, మూత్రం పట్టు తప్పడం వెన్నుపాము మీద ఒత్తిడికి గుర్తులు. అప్పుడు ట్రాక్షన్, వ్యాయామం అన్నీ ఆపేసి అదే రోజు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో, న్యూరో సర్జన్ ఉన్న ఇంకో ఆసుపత్రికో వెళ్లాలి.