విదేశీ సాంకేతిక సహకారం మన కుటుంబ నియంత్రణకు ఏం ఒరగబెట్టింది?

నాగావళి_గట్టు: 2025లో యూఎస్ఎయిడ్ (విదేశాలకు సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) మూతపడింది. జనాభా, పునరుత్పత్తి ఆరోగ్య పథకాలకు నిపుణులను పంపడం, శిక్షణలు, సర్వేలకు సాయం దాని పనుల్లో కొన్ని. పోతే పోయింది! 1952లోనే, ప్రపంచంలో అందరికంటే ముందు, కుటుంబ నియంత్రణ పథకం పెట్టుకున్నాం. మనకొకరు నేర్పాలా?

బొబ్బిలి_సిస్టర్: నేర్పారండి. కాన్పవగానే కాపర్-టీ వేయడం ముందు బొమ్మ మీద చేయించారు. పట్టకారు గర్భసంచి పైకొసదాకా వెళ్లిందో లేదో బొమ్మలో కనబడుతుంది, మనిషిలో కనబడదు. చెయ్యి కుదిరాకే లేబర్ రూమ్‌లోకి రానిచ్చారు.

రాజాం_రాజు: ట్రైనింగ్ విశాఖ ఏసీ హోటల్లోనా? బఫే భోజనమా?

నాగావళి_గట్టు: ఫలితమేటి? మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతానికి కు.ని. ఆపరేషనే. మగాళ్లు ఒక శాతం కూడా లేరు.

చీపురుపల్లి_మాస్టారు: ఆ లెక్క 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోది. దానికి సాంకేతిక సహకారం అందింది యూఎస్ఎయిడ్ ద్వారానే. వద్దన్న సాయంతో వచ్చిన అంకె పట్టుకునే వాదిస్తున్నారు! 1994 కైరో జనాభా సదస్సులో 179 దేశాలు మహిళ ఇష్టమే ముఖ్యమన్నాయి. 1996లో మన కేంద్రం కుటుంబ నియంత్రణ టార్గెట్లు ఎత్తేసింది. ఆపరేషన్ల మోజు మనదే.

నాగావళి_గట్టు: కాగితం మీద ఎత్తేశారు. మా చెల్లికి రెండో కాన్పు కాగానే కోసేశారు. ఏడాది తిరక్కుండా చిన్నగుంటడు జ్వరంతో పోయాడు. ట్యూబులు మళ్లీ కలిపించినా కడుపు నిలవలేదు. కాపర్-టీ అనేదొకటుందని ఒక్కరైనా చెప్పారా? మీ కైరో అప్పుడెక్కడుంది మాస్టారూ?

చీపురుపల్లి_మాస్టారు: నా మీద అరిస్తే ఏం లాభం? మా ఆవిడ తనంతట తనే అడిగి చేయించుకుంది. రోజూ మాత్ర టెన్షన్ పోయిందంది.

రాజాం_రాజు: బఫే సంగతి ఎవరూ చెప్పరేం?

బొబ్బిలి_సిస్టర్: పెరుగన్నం పెట్టారు, చాలా? నాగావళి గారూ, అప్పుడు మాట్లాడింది మీ చెల్లా, అత్తగారా? మా దగ్గర అత్తలే చెప్తారు. "అబ్బాయి చెన్నైలో పని, మళ్లీ రాలేం, ఇప్పుడే చేసేయండమ్మా" అని.

నాగావళి_గట్టు: అత్తే. నా మంట అదే! చెల్లిని అడగాలి గదా!

బొబ్బిలి_సిస్టర్: అత్తని బయట కూర్చోబెట్టి అమ్మాయితో విడిగా మాట్లాడమని చెప్పింది ఆ ట్రైనింగ్‌లోనే.

నాగావళి_గట్టు: ఆ మాత్రానికి అమెరికా డబ్బు కావాలా?

బొబ్బిలి_సిస్టర్: అక్కర్లేదు. కానీ అప్పటిదాకా మాకెవరూ చెప్పలేదు.

నాగావళి_గట్టు: సరే, వాళ్లు పోయారు. కొత్తగా చేరే సిస్టర్లకి ఇక మీరే చెప్పండి.

బొబ్బిలి_సిస్టర్: చెప్తాను. మా దగ్గరున్నది ఒకటే గది, బయట వరండా కూడా లేదు. అత్తగారిని ఎక్కడ కూర్చోబెట్టమంటారు?