వాక్యూమ్ స్పార్క్: డయోడ్‌లో కనిపించేదాంట్లో నిజమైన ఈయూవీ ఎంత?

ప్రశ్న (అనంతపురం)

కాలేజీ ల్యాబ్‌లో ఈయూవీ (చాలా తక్కువ తరంగదైర్ఘ్యపు అతినీలలోహిత కిరణాలు) కోసం వాక్యూమ్ స్పార్క్ (గాలి తీసేసిన ఛాంబర్‌లో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య మెరుపు) నడుపుతున్నాం. 2 మైక్రోఫారడ్ కెపాసిటర్, 10 కిలోవోల్టులు, టంగ్‌స్టన్ ఆనోడ్, గ్యాప్ 5 మి.మీ. డిఫ్యూజన్ పంపుతో (నూనె ఆవిరితో గాలిని లాగేది) 5×10⁻⁵ టార్ ఒత్తిడి వస్తుంది. 50 సెం.మీ. దూరంలో సిలికాన్ ఫోటోడయోడ్, దాని ముందు మామూలు వెలుగును ఆపడానికి 0.2 మైక్రాన్ అల్యూమినియం రేకు. కరెంటు మొదలవగానే పదునైన స్పైక్, వెనకాల మైక్రోసెకన్ల పొడవున తోక వస్తున్నాయి. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నానికి సిగ్నల్ ఎత్తు సగమైపోతుంది. ఎందుకు సార్?

జవాబు (కర్నూలు)

ముందు డయోడ్‌కు 5 మి.మీ. ఇత్తడి పలక అడ్డం పెట్టి ఒక షాట్ కొట్టండి. స్పైక్ అట్లే ఉంటే అది దాదాపుగా కేబుల్ పట్టుకున్న నాయిసే. సర్క్యూట్ ఇండక్టెన్స్ 100 నానోహెన్రీలు అనుకున్నా పీక్ కరెంటు 45 కిలోఆంపియర్ల దగ్గరికి పోతుంది, అదే కేబుల్‌లో నాయిస్ పుట్టిస్తుంది. ఆసిలోస్కోపును ఇనుప పెట్టెలో పెట్టండి, డయోడ్ బయాస్ బ్యాటరీ నుంచి ఇవ్వండి, ఎర్త్ ఛాంబర్ దగ్గర ఒక్కచోటే కలపండి.

తర్వాత పలక తీసి మైక్రోస్కోపు గాజు స్లైడు పెట్టండి. గాజు ఈయూవీని బొత్తిగా వదలదు, మామూలు వెలుగును వదులుతుంది. అప్పుడూ తోక మిగిలిందంటే రేకుకు చిల్లులు పడ్డట్టే. ఎలక్ట్రోడ్ నుంచి ఎగిరే కరిగిన లోహపు తుంపర్లు పొడుస్తాయి. రఫింగ్ వాల్వు (మొదట గాలి లాగే పంపుది) ఒక్కసారిగా తెరిచినా ఒకపక్క ఒత్తిడికి రేకు చిరుగుతుంది, రెండు పక్కలా గాలి సమంగా పోయేలా చిన్న బైపాస్ పెట్టండి. చీకట్లో రేకు వెనక టార్చి వేస్తే చిల్లులు చుక్కల్లా కనబడతాయి.

ఇంకొకటి: అల్యూమినియం వదిలేది సుమారు 17 నుంచి 80 నానోమీటర్లు. మీకు కావాల్సింది 13.5 నానోమీటర్ల ఈయూవీ అయితే జిర్కోనియం రేకు వాడాలి.

జవాబు (కడప)

మధ్యాహ్నం పడిపోతోందంటే నీళ్లు చూడన్నా. బోరునీళ్లు కూలింగ్ కాయిల్ లోపల పొక్కు (సున్నపు పొర) కట్టిస్తాయి, ఎండాకాలంలో ట్యాంకు నీళ్లే వెచ్చగా వస్తాయి. పంపు గోడ చల్లబడకపోతే నూనె ఆవిరి ఛాంబర్‌లోకి ఎగదన్నుతుంది. అది రేకు మీద చేరితే ఈయూవీ తగిలి విరిగి కార్బన్ పొరగా గట్టిపడుతుంది. ఆ పొరను తుడవలేవు, రేకే మార్చాల.

మర్నాడు పొద్దున ఎత్తు పూర్తిగా తిరిగొస్తే కార్బన్ కాదు, ప్రెషర్ పెరిగి డిశ్చార్జి తీరు మారుతోంది. కొంచెమే వస్తే రెండూ ఉన్నట్టు. రాగి కాయిల్‌ను సిట్రిక్ ఆమ్లంతో కడిగి, చిల్లర్‌లో డిస్టిల్డ్ నీళ్లు తిప్పు. పంపు పైన లిక్విడ్ నైట్రోజన్ ట్రాప్ (నూనె ఆవిరిని చల్లబరిచి పట్టేది) తప్పనిసరి.

ప్రశ్న అడిగినవారు

పొద్దునకు కొంచెమే తిరిగొస్తోంది. ముందు కాయిల్ విప్పి చూస్తాం. స్లైడు టెస్టు కూడా చేస్తాం.

జవాబు (కర్నూలు)

స్లైడు మార్చేముందు కెపాసిటర్ చూసుకోండి, దాంట్లో 100 జౌళ్లు ఉంటాయి, ప్రాణం తీసేంత. బ్లీడర్ రెసిస్టర్‌ను (కెపాసిటర్ ఛార్జిని మెల్లగా ఖాళీ చేసేది) నమ్మి చెయ్యి పెట్టొద్దు. ఎర్త్ కర్రతో (కొనకు ఎర్త్ వైరు కొక్కెం ఉన్నది) షార్ట్ చేసి, ఆ కొక్కెం టెర్మినల్‌కు తగిలించే ఉంచండి. ప్లాస్మా పించ్ అయ్యేటప్పుడు (తన కరెంటు అయస్కాంత బలానికే సన్నగా నొక్కుకుపోయేటప్పుడు) ఛార్జింగ్ వోల్టేజీని మించిన శక్తి గల ఎక్స్-కిరణాలు రావచ్చు, కాబట్టి చూసే కిటికీకి సీసపు గాజు పెట్టండి.