500 ఎంఎల్ సెలైన్ 6 గంటల్లో అయిపోవాలి, అవ్వలేదు. లెక్క ఎక్కడ తప్పింది?

జీఎన్ఎం సెకండియర్:
అక్కలూ, నిన్న మేల్ మెడికల్ వార్డులో ఒక పెద్దాయనకి ఎన్ఎస్ (నార్మల్ సెలైన్) 500 ఎంఎల్ 6 గంటల్లో వెళ్ళాలని ఆర్డర్. నోట్స్‌లో ఉన్నట్టే 500 ఇంటూ 15 బై 360 (ఎంఎల్ ఇంటూ ఒక ఎంఎల్‌కి ఎన్ని చుక్కలో అది, బై నిమిషాలు) చేసి నిమిషానికి 21 చుక్కలు పెట్టాను, వాచ్ చూసి లెక్కపెట్టాను కూడా, తీరా 6 గంటలయ్యాక, రెండింటికి చూస్తే బాటిల్లో ఇంకా పావు వంతు ఉంది. రాత్రంతా నిద్ర పట్టలేదు. ఫార్ములా తప్పా నేను తప్పా?

స్టాఫ్ నర్స్, ఐసీయూ:
ఫార్ములా కరెక్టే అమ్మా, ఆ 15 దగ్గరే వచ్చింది తేడా. మన వార్డుల్లో వాడే మామూలు సెట్ (డ్రిప్ పైపు) ఎక్కువగా 20 చుక్కలకి ఒక ఎంఎల్, 15ది కూడా దొరుకుతుంది, అందుకే కవర్ మీద చూసుకోవాలి. 20 సెట్‌కి 21 చుక్కలు పెడితే గంటకి 63 ఎంఎల్లే వెళ్తుంది, 6 గంటలకి 378, మిగిలింది 122, నువ్వు చూసిన పావు వంతు అదే. పెట్టాల్సింది 28.

బీఎస్సీ నర్సింగ్, ఫైనలియర్:
నేనైతే ముందు గంటకి ఎన్ని ఎంఎల్లో చూస్తా, ఇక్కడ 83. 20 సెట్ అయితే 3తో, 15 అయితే 4తో భాగించడమే, మైక్రో సెట్‌కి (సన్న చుక్కలు పడేది) ఒక ఎంఎల్‌కి 60 చుక్కలు కాబట్టి గంటకి ఎన్ని ఎంఎల్లో నిమిషానికి అన్ని చుక్కలు.

జీఎన్ఎం సెకండియర్:
కవర్ చూడకుండానే డస్ట్‌బిన్‌లో వేసేశాను అక్కా 😔 ఇంకో డౌట్, అలా లేట్ అయినప్పుడు పైపు మీద వేగం మార్చే రోలర్ కాస్త తిప్పి మిగిలింది స్పీడుగా వదిలేయొచ్చా?

స్టాఫ్ నర్స్, ఐసీయూ:
అస్సలు వద్దు. గుండె, కిడ్నీ వీక్‌గా ఉన్న పెద్దవాళ్ళకి ఒక్కసారిగా వదిలితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఆయాసం వచ్చేస్తుంది. ఎంత వెళ్ళిందో చార్ట్‌లో ఉన్నదున్నట్టు రాసి సిస్టర్‌కి, డ్యూటీ డాక్టర్‌కి చెప్పు, రేటు మార్చాలో వద్దో వాళ్ళు చెప్తారు. ఇంకోటి, ఒకసారి సెట్ చేసి వదిలేయకు, పేషెంట్ చెయ్యి మడిచినా, బాత్రూంకి వెళ్ళొచ్చినా చుక్కలు మారిపోతాయి. బాటిల్‌కి నిలువుగా ప్లాస్టర్ అంటించి ఏ టైముకి ఎక్కడిదాకా దిగాలో గీతలు పెట్టుకో, 8కి మొదలుపెడితే 11కి సగం అవ్వాలి, అవ్వకపోతే అప్పుడే తెలిసిపోతుంది. పొటాషియం కలిపిన బాటిల్ అయితే మాత్రం చుక్కలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు, ఇన్ఫ్యూజన్ పంప్ (సెట్ చేసిన వేగంతో ఎక్కించే మెషీన్) అడుగు.