రాళ్ల నేల మీద లైట్ స్టాండ్: చక్రాలు వేయాలా, మోసుకుపోవాలా?

కెఆర్‌పురం_కెమెరా
వచ్చే నెల మూడు ప్రీ-వెడ్డింగ్ షూట్లున్నాయి. ఒకటి రామనగర వైపు బండల మీద, ఒకటి కనకపుర రోడ్డులో చెరువు గట్టు మీద, మూడోది నంది కొండ కింద ద్రాక్షతోటలో. సామాను: గోడాక్స్ ఏడీ600 ప్రో (బ్యాటరీతో నడిచే ఫ్లాష్ లైటు) ఒకటి, 120 సెంటీమీటర్ల ఆక్టా (వెలుగుని మెత్తబరిచే ఎనిమిది మూలల సాఫ్ట్‌బాక్స్), 40 అంగుళాల సీ-స్టాండు (మూడు కాళ్ల బరువైన లైటు స్టాండు). నాతో వచ్చేది ఒక్క కుర్రాడు. చోటు మారినప్పుడల్లా లైటు విప్పి మళ్లీ బిగిస్తుంటే పొద్దు వాలిపోతోంది. స్టాండుకి చక్రాలు వేయిస్తే పనవుతుందా?

వైట్‌ఫీల్డ్_ఫ్రేమ్స్
అవుతుంది. కాకపోతే స్టూడియోలో వాడే 4 అంగుళాల గట్టి చక్రాలు వద్దు. గాలి కొట్టే 10 అంగుళాల చక్రాలు మూడు తీసుకోండి, చేతిబండికి వేస్తారే, అవే. వెల్డింగ్ షాపులో చదరపు పైపుతో మూడు కాళ్ల బేసు చేయించండి. నడిమధ్య నుంచి ప్రతి చక్రం కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మధ్యలో స్టాండు నిలబెట్టి రెండు చోట్ల క్లాంపు బిగించండి. టైర్లలో గాలి నిండుగా కొట్టకండి, బొటనవేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. అప్పుడే చిన్న రాళ్లు టైరులో ఇమిడిపోతాయి.

హోసూరు_గ్రిప్
వద్దన్నా. గట్టు మీదైతే ఏమో గానీ బండ మీద చక్రం వేస్తే లైటు మీద ఆశ వదులుకోవాల్సిందే. క్యాస్టర్‌కి (చుట్టూ తిరిగే చక్రానికి) బ్రేకు వేశామంటే ఆగుతుందనుకుంటారు. మామూలు బ్రేకు చక్రం దొర్లకుండా ఆపుతుంది, అంతే. చక్రాన్ని పట్టుకున్న ఫోర్కు మాత్రం తన ఇరుసు మీద తిరుగుతూనే ఉంటుంది. వాలు మీద స్టాండు అంగుళం అంగుళం తిరుగుతూ కిందికి జారేది అందుకే. ఫోర్కుని కూడా బిగించే డబల్ లాక్ వేరే దొరుకుతుంది, అది వేసినవాళ్లు నూటికి ఒక్కరు. అసలు సీ-స్టాండులో కావలసింది జారే కాలు. నాబ్ వదులు చేస్తే ఒక కాలు కడ్డీ వెంబడి పైకి జరుగుతుంది. ఎత్తుగా ఉన్న రాయి మీద ఆ కాలు పెట్టి, మిగతా రెండూ పల్లంలో ఉంచితే కడ్డీ నిటారుగా నిలుస్తుంది. చక్రాల బేసుతో ఆ పని జరగదు.

మల్లేశ్వరం_మానిటర్
మా దగ్గర 4 అంగుళాల క్యాస్టర్లున్నాయి. టైల్స్ మీద బంగారం, మట్టిలో దండగ.

సుజాత_స్ట్రోబ్
ఇద్దరూ వాలు, చిన్న రాళ్ల గురించే మాట్లాడుతున్నారు, మెట్టులా అడ్డొచ్చే రాయి గురించి ఎవరూ అనలేదు. చక్రానికి 2.5 సెంటీమీటర్ల రాయి అడ్డొచ్చిందనుకోండి. చక్రం ఇరుసు ఎత్తులో తోస్తే, 10 సెంటీమీటర్ల చక్రాన్ని దాని మీదికి ఎక్కించడానికి ఆ చక్రం మీద పడే బరువుకి 1.7 రెట్లు బలం కావాలి. అదే రాయి మీదికి 25 సెంటీమీటర్ల చక్రం ఎక్కాలంటే ముప్పావు వంతు చాలు. అందుకని పెద్ద చక్రం మాట నిజమే. కానీ జనం తోసేది ఇరుసు దగ్గర కాదు, ఛాతీ ఎత్తులో కడ్డీ పట్టుకుని. ముందు చక్రం రాయికి తగిలి ఆగిందంటే ఆ బలమంతా స్టాండుని ముందుకు పడేయడానికే పోతుంది. 25 సెంటీమీటర్ల చక్రమైనా ఎక్కేలోపే స్టాండు ఒరుగుతుంది. బేసుకి అడుగున తాడు కట్టి లాగాలి, వెనక ఇంకొకరు కడ్డీ పట్టుకుని నడవాలి.

వైట్‌ఫీల్డ్_ఫ్రేమ్స్
అదీ మాట. తాడు కట్టి లాగితే సరిపోతుంది. ఇక లెక్క సమయానిది. మన దగ్గర సూర్యుడు ఆరు డిగ్రీల ఎత్తుకి దిగాక మునగడానికి సుమారు 25 నిమిషాలే. ఆక్టా విప్పడం, హెడ్ (ఫ్లాష్ లైటు) దించడం, స్టాండు మడవడం, నడవడం, మళ్లీ బిగించడం అంతా కలిపి 5 నిమిషాలనుకున్నా, మూడు చోట్లు మారితే 15 నిమిషాలు అక్కడే గల్లంతు. చక్రాల మీదైతే అలాగే లాక్కుపోవచ్చు.

హోసూరు_గ్రిప్
ఎవరు విప్పమన్నారప్పా? విప్పకుండానే మోయొచ్చు. కడ్డీ మొత్తం కిందికి దించు, నాబులన్నీ బిగించు, ఆక్టా అంచు గాలి వైపు ఉండేలా తిప్పు. కడ్డీని ఒక వేలి మీద ఆనించి చూస్తే ఎక్కడ సమంగా తూగుతుందో తెలుస్తుంది, అక్కడ ఒక చెయ్యి. రెండో చెయ్యి హెడ్ కింద. కాళ్లు ముందుకి ఉండాలి, దించేటప్పుడు నేలకి మొదట తగిలేవి అవే. స్టాండు 5 కిలోలు, హెడ్ 3 కిలోలు, ఆక్టా కిలోన్నర. పదికి లోపే. మనిషి మోయలేని బరువా ఇది? దించేటప్పుడు ఇంకో జాగ్రత్త. గ్రానైట్ బండ మీద గరుకు ఇసుక పలుకులు పరుచుకుని ఉంటాయి. రబ్బరు కాలు వాటి మీద పెడితే గోలీల మీద పెట్టినట్టే. అరచేత్తో ఆ చోటు తుడిచి, కాలు ఆనించి, కడ్డీని ఒకసారి పక్కకి నెట్టి చూసి, ఆ తర్వాతే పైకెత్తాలి.

యలహంక_వీడియో
గాలి మాట ఎవరూ ఎత్తట్లేదే. కొండల మీద సాయంత్రం గాలి తక్కువేం ఉండదు.

సుజాత_స్ట్రోబ్
అసలు చర్చ అక్కడే ఉండాలి. 120 సెంటీమీటర్ల ఆక్టా అంటే ఒక చదరపు మీటరు దాటిన తెరచాప. గంటకి 30 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే దాని మీద 5 నుంచి 6 కిలోల తోపుడు ఉంటుంది. అది 2.5 మీటర్ల ఎత్తులో ఉండి, కాళ్లు మధ్య నుంచి 50 సెంటీమీటర్లే చాస్తే, గాలి నెట్టే వైపు ఒక కాలు ఉన్నా పడకుండా నిలవడానికి మొత్తం 28 కిలోలు కావాలి. రెండు కాళ్ల నడుమ ఖాళీ ఆ వైపు ఉంటే 56 కిలోలు. కాబట్టి ఆక్టాని గాలి ఏ వైపుకి నెడుతుందో ఆ వైపుకే ఒక కాలు తిప్పండి, ఈ ఒక్క పనితో సగం బరువు తగ్గుతుంది. గాలి 15 కిలోమీటర్లకి తగ్గితే ఇవన్నీ నాలుగో వంతే. సాండ్‌బ్యాగు (ఇసుక సంచి) గాలి వచ్చే వైపు కాలికి వేయండి, నేలకి ఆనకుండా వేలాడాలి. నేలకి ఆనితే దాని బరువు నేలే మోస్తుంది, స్టాండుకి అందదు. గాలి మరీ లేస్తే ఆక్టా తీసి 7 అంగుళాల రిఫ్లెక్టర్ (లైటు ముందు బిగించే గిన్నెలాంటి రేకు) వేసుకోండి, గాలికి తగిలే వైశాల్యం 40 రెట్లు తగ్గుతుంది.

వైట్‌ఫీల్డ్_ఫ్రేమ్స్
చూశారా! 28 కిలోలు కావాలంటున్నారు. మరి ఆ సాండ్‌బ్యాగులు ఎవరు మోస్తారు? చక్రాల బేసు మీదైతే అవి కూడా దానితోనే వస్తాయి. హోసూరు గారు పది కిలోలన్నారు, సాండ్‌బ్యాగులు కలుపుకుంటే 28 దాకా పోతుంది.

హోసూరు_గ్రిప్
30 కిలోల బండిని వాలు మీద తాడు కట్టి లాగడం, పైగా మీదొక తెరచాప. లాగేవాడి కాలు జారితే ఏమవుతుందో మీరు రాయలేదు. అసలు మీ లెక్కలో ఆ లాగేవాడు ఎవడు? సుజాత గారు ఒకరు లాగాలి, ఒకరు వెనక పట్టుకోవాలి అన్నారు. ఇక్కడున్నది ఒక్క కుర్రాడు. చక్రం వేస్తే రెండో మనిషి అక్కర్లేదని మీరు మొదటి నుంచీ చెబుతున్నది అందుకేగా.

వైట్‌ఫీల్డ్_ఫ్రేమ్స్
నేను ఆ మాట అనలేదు. అనని మాట నా నోట పెట్టకండి.

హోసూరు_గ్రిప్
అనలేదు, లెక్కేశారు. ఎద్దు పుండు కాకికి ముద్దా? ఇన్వాయిస్‌లో "లైటింగ్ టీమ్" అని రాసి, తీరా బండ మీదికి ఒక్కణ్ణి పంపే వాళ్ల దగ్గర పనిచేసిన చేతులివి. స్టాండు పడితే లైటు రిపేరు డబ్బు కుర్రాడి జీతంలో కోస్తారు. చక్రాలకి పెట్టే ఖర్చు పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ ఖర్చు చూపించి రెండో మనిషిని తీసేయకండి.

వైట్‌ఫీల్డ్_ఫ్రేమ్స్
సరే, సూటిగానే చెప్తా. చిన్న బడ్జెట్ షూట్లలో ఇద్దరిని పెట్టుకునే స్తోమత అందరికీ లేదు. కస్టమరు ఆ డబ్బు ఇవ్వడు. ఒక్కడితోనే పని సాగాలంటే ఏదో ఒక సాధనం కావాలి. అందుకే చక్రాలు.

హోసూరు_గ్రిప్
అలాంటప్పుడు సామాను తగ్గించండి, మనిషిని కాదు. ఒక్కడే ఉంటే 120 ఆక్టా వద్దు. ఏడీ200 అనే చిన్న ఫ్లాష్ హెడ్‌కి 60 సెంటీమీటర్ల చిన్న సాఫ్ట్‌బాక్స్ తగిలించి మోనోపాడ్ (ఒంటి కాలి కడ్డీ) కొసన బిగిస్తే రెండు కిలోలకి అటూ ఇటూ. చేతిలో పట్టుకుని నిలబడితే స్టాండే అక్కర్లేదు. గాలి వస్తే చేత్తోనే అంచు తిప్పుకుంటాడు.

సుజాత_స్ట్రోబ్
ఏడీ600లోనూ దారుంది. ఎక్స్‌టెన్షన్ హెడ్ కేబుల్ వేస్తే లైటు హెడ్ ఒక్కటే పైన ఉంటుంది, బ్యాటరీతో ఉన్న బాడీ కింద కడ్డీకి వేలాడుతుంది. పైబరువు తగ్గుతుంది, కింద ఆ బాడీయే సాండ్‌బ్యాగు పని చేస్తుంది. చేత్తో పట్టుకుంటే బాడీ భుజానికి తగిలించుకోవచ్చు.

కెఆర్‌పురం_కెమెరా
అందరికీ థాంక్స్. చక్రాలు చెరువు గట్టుకి సరిపోతాయనిపిస్తోంది, అక్కడ చదునైన మట్టిదారి ఉంది. ద్రాక్షతోట దున్ని ఉంటుంది కాబట్టి అక్కడా కుదరదేమో?

వైట్‌ఫీల్డ్_ఫ్రేమ్స్
దున్నిన మట్టిలో చక్రం కూరుకుపోతుంది, అక్కడ నేనూ చెప్పను. సాలు వెంబడి పొడవాటి పలక పరిస్తే తప్ప లాగలేరు.

హోసూరు_గ్రిప్
తోటలో ఖాళీ సాండ్‌బ్యాగులు తీసుకుపోయి అక్కడి మట్టితోనే నింపుకోండి, పోయేటప్పుడు అక్కడే కుమ్మరించి రండి. రామనగర బండ మీద మట్టి దొరకదు. అక్కడికి ఖాళీ 10 లీటర్ల మడత క్యాన్లు రెండు, నీళ్ల కోసం కింద ఊళ్లో ఒక చోటు ముందే చూసి పెట్టుకోండి. నిండితే ఒక్కోటి 10 కిలోలు. పైకి మోయడానికి ఇంకొకరిని పిలవండి.

కెఆర్‌పురం_కెమెరా
రామనగరకి ఇద్దరిని మాట్లాడుకుంటున్నా. రెండో మనిషి రోజు కూలి కొటేషన్‌లో వేరే వరసగా రాశాను, కస్టమరుకి నిన్ననే పంపించాను.