లినోకట్‌లో మనిషి బొమ్మకు గీతతోనే ప్రాణం పోయడం ఎలా?

చిత్రకారుడు నందలాల్ బోస్ 1930లో దండి యాత్ర సందర్భంగా చెక్కిన గాంధీజీ లినోకట్‌ను (లినోలియం పలకను చెక్కి, సిరా పూసి కాగితం మీద తీసే అచ్చును; చెక్కిన చోటు తెల్లగా మిగులుతుంది) చూసినవారికి నా సందేహం వెంటనే అర్థమవుతుంది. నల్లటి నేపథ్యంలో చేతికర్రతో నడుస్తున్న ఆ మనిషికి నీడలు దిద్దలేదు, ముఖంలో వివరాలూ పెద్దగా లేవు. అయినా కొద్దిపాటి తెల్లని గీతలే ఆ అడుగులోని పట్టుదలను చూపిస్తాయి. ఫ్రెంచి చిత్రకారుడు మాటిస్ 1944లో ‘పసిఫాయే’ అనే పుస్తకం కోసం చేసిన లినోకట్‌లలోనూ నలుపు మీద తెల్లగీతే ఉంటుంది గానీ, అక్కడ గీత సన్నగా, దాదాపు ఒకే మందంలో సాగుతుంది. కాబట్టి మందం మారడమే గీతకు బలమని నేను అనుకోవడం లేదు.

నా ఇబ్బంది చెక్కడంలో ఉంది. కుంచెతో లినో మీద వేసినప్పుడు భుజం దగ్గర ఉబ్బి, మోచేతి దగ్గర సన్నబడే గీతను వి ఆకారపు ఉలితో రెండు అంచులా చెక్కితే అది తీగలా బిగుసుకుపోతోంది. కుంచె గీతను పట్టించుకోకుండా ఒకే ఊపులో నేరుగా చెక్కితే జీవం వస్తోంది గానీ, మోకాలి వంపులో గీత కోణాలుగా విరుగుతోంది. లినోను కాస్త వేడిచేసి మెత్తబరుస్తున్నాను, ఉలిని కాక పలకనే తిప్పుతున్నాను.

అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి: ఉలి లోతును మారుస్తూ గీతను ఉబ్బించడం మంచిదా, లేక వంపుల దగ్గర యు ఆకారపు ఉలికి మారాలా? కనురెప్పల వంటి సన్నగీతలు సిరాతో పూడిపోకుండా రోలర్ మీద సిరా ఎంత పలుచగా ఉండాలి?