కుంగ్‌ఫూ కామెడీ సినిమాలు ఎన్నిసార్లు చూసినా బోర్ కొట్టవెందుకు?

ప్రశ్న:
మామూలు యాక్షన్ సినిమా ఒకసారి చూశాక మళ్ళీ చూడబుద్ధి కాదు నాకు. కానీ జాకీ చాన్ పాత హాంకాంగ్ సినిమాలు ఎప్పుడు పెట్టినా అలా కూర్చుని చూసేస్తా. కథలో పెద్దగా ఏమీ ఉండదు కదా, మరి అంతలా లాగేది ఫైటా, కామెడీయా? మీకేమనిపిస్తుందో చెప్పండి.

జవాబు 1:
ఆ రెండిటినీ విడదీయలేం అన్నా. 1973లో బ్రూస్ లీ పోయాక అక్కడ చాలామంది ఆయన్నే దింపేశారు, అదే కోపం, అదే సీరియస్ మొహం. 1978లో 'డ్రంకెన్ మాస్టర్' వచ్చేసరికి జాకీ పూర్తిగా రివర్స్‌లో వెళ్ళాడు, దెబ్బ తగిలితే అబ్బా అంటాడు, ఎదుటోణ్ణి కొట్టి తన చెయ్యే విదిలించుకుంటాడు, లాభం లేదనుకుంటే పరిగెత్తుతాడు. నొప్పి తెలిసినోడు గెలిస్తే మనకి ఎంత హాయిగా ఉంటుందో!

జవాబు 2:
అది నిజమే కానీ నన్నడిగితే కెమెరా గురించి చెప్పాలి ముందు. కాస్త దూరంగా పెట్టి మనిషిని తల నుంచి కాళ్ళ దాకా చూపిస్తారు, కుర్చీ ఎటు నుంచి వచ్చింది, కాలు ఎక్కడ తగిలింది, వాడు ఎలా పడ్డాడు అన్నీ ఒకే షాట్‌లో తెలుస్తాయి, నవ్వొచ్చేది కూడా అందుకే. ఇప్పుడు చాలా సినిమాల్లో చెయ్యి లేచేలోపే కట్, సౌండ్ తప్ప దెబ్బ కనపడదు. 'ప్రాజెక్ట్ ఎ' (1983)లో గడియారం టవర్ మీంచి గుడ్డ పందిళ్ళు చించుకుంటూ నేల మీద పడతాడు చూడండి, వేరే టేక్ కూడా కలిపి రెండుసార్లు చూపించారు. మూకీల్లో కమెడియన్లు హెరాల్డ్ లాయిడ్, బస్టర్ కీటన్ చేసిన పనే అది, ఒళ్ళుతోనే జోక్ చెప్పడం.

జవాబు 3:
జాకీతో కలిసి నటించిన సామో హంగ్‌ని మర్చిపోయారేంటి అందరూ? అంత బొద్దుగా ఉండి అంత స్పీడా అసలు! ఆయన, జాకీ, యువెన్ బియావ్ ముగ్గురూ చిన్నప్పుడు హాంకాంగ్‌లో ఒకే పీకింగ్ ఒపెరా (చైనా సంప్రదాయ సంగీత నాటకం) స్కూల్లో పెరిగారు, అక్కడ పిల్లిమొగ్గలు, పాట, అభినయం, కత్తి తిప్పడం అన్నీ కలిపే నేర్పేవాళ్ళు, అందుకే వీళ్ళ ఫైట్ డాన్స్‌లా తాళం తప్పకుండా సాగుతుంది. స్టీఫెన్ చౌ 'కుంగ్‌ఫూ హజిల్' (2004) కూడా నాకిష్టమే, కాకపోతే అందులో గ్రాఫిక్స్‌తో కార్టూన్ లాంటి సరదా, అది వేరే రుచి. 'వీల్స్ ఆన్ మీల్స్' (1984) చూడకపోతే ఈ వారమే చూసెయ్యండి, ముగ్గురూ ఉన్నారు, చివర్లో అమెరికన్ కిక్‌బాక్సర్ బెన్నీ ఉర్కిడెజ్‌తో జాకీ ఫైట్ కోసమైనా చూడాలి.