అప్‌డేట్: ఆడపూల కీర దోసలో మగపూలు వచ్చాయి, తప్పంతా బోరు నీళ్లదే

అన్నీ ఆడపూలే పూసే కీర దోస లైన్ (రకం) నుంచి విత్తనం కట్టాలంటే పుప్పొడి ఎలా అని అడిగాను కదా. మగపూలు తెప్పించే సిల్వర్ నైట్రేట్ (వెండి లవణం) రెండుసార్లు కొట్టినా ఒక్క మగపువ్వూ రాలేదని కూడా రాశాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్.

తెలిసిన ఉద్యాన శాస్త్రవేత్త ఒకాయన మందు కలిపేటప్పుడు పక్కనే నిలబడి చూశారు. నీళ్లు పాలలా తెల్లబడగానే నవ్వేశారు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అందులోని క్లోరైడ్‌తో వెండి కలిసి అడుగున పేరుకుంటుంది, ఇక ఆకుకి పనిచేసేదేం మిగలదు. ఇన్నాళ్లూ నేను కొట్టింది ఉత్త నీళ్లన్నమాట!

ఈసారి లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 250 మిల్లీగ్రాములు కలిపి, రెండాకుల దశలో ఒకసారి, నాలుగాకులకి ఇంకోసారి, సాయంత్రం పూట కొట్టాను. కీర దోసలో ఆడపూలు పూయించేది మొక్కలోని ఎథిలీన్ అనే హార్మోన్, వెండి దాని పనిని అడ్డుకుంటుంది కాబట్టి మగపూలు వస్తాయట. కొన్ని గుత్తులుగా వచ్చాయి కూడా. ముందురోజు సాయంత్రమే మొగ్గలకి కవర్లు కట్టి, పొద్దున్నే చేత్తో పుప్పొడి అద్దాను. కాయలు నిలిచాయి.

జవాబుల్లో కొందరు చెప్పిన యూరియా తగ్గించడానికీ, షేడ్ నెట్‌కీ దీనితో సంబంధం లేదు. మందు కలిపేటప్పుడు గ్లౌజులు మాత్రం మరవకండి, నా వేళ్ల మీద నల్ల మరకలు ఇంకా పోలేదు.